యాకూబ్ ఇంటి నీలం లైటు

కువైట్‌లో రుమైథియా పేటకు వచ్చి యాకూబ్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. చేపల యాకూబ్ అంటే మాత్రం పచారీ కొట్టువాడు కూడా బయటికొచ్చి చెయ్యి చూపిస్తాడు. ముప్పై ఏళ్ళపాటు అతను సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసి ఊరికి మంచినీళ్ళిచ్చే ప్లాంటులో ఇంజినీరుగా పనిచేశాడు. ఇరవై ఏళ్ళుగా ఇంటికి రాగానే చొక్కా చేతులు పైకి మడిచి మంచినీళ్ళలో ఉప్పు కలుపుతున్నాడు. పగలు తీసిన ఉప్పు సాయంత్రం కలపడానికి జీతమెందుకయ్యా అని అతని స్నేహితుడు ఘానిమ్ వారం వారం ఏడిపిస్తూనే ఉండేవాడు. రిటైరయ్యాక తీసే పని పోయి కలిపే పని ఒక్కటే మిగిలింది.

ఆ ఉప్పంతా అతని దివానియాలో ఉన్న గాజు తొట్టె కోసం. మగవాళ్ళు చేరి కబుర్లాడుకునే ఆ ముందుగదిలో, ఒక గోడ మొత్తం తొట్టే. అవతలి వైపు సామాన్ల గది. పంపులూ గొట్టాలూ నీళ్ళలోంచి మురికిని నురగ చేసి లాగేసే యంత్రమూ అన్నీ ఆ గదిలోనే మొత్తుకుంటూ ఉంటాయి. ఇవతల కూర్చున్నవాళ్ళకి పగడాలూ చేపలూ తప్ప ఇంకేమీ కనిపించవు, వినిపించవు. తొట్టెలో ఒక జత నారింజ చారల చేపలున్నాయి. కూతురు సబీకా నాలుగేళ్ళ వయసులో చేప కావాలని బజారులో కింద పడి దొర్లి సంపాదించినవి అవే. ఇప్పుడు సబీకాకి ఇరవై నాలుగు. చేపలకి ఇరవై. ముగ్గురూ మొండివాళ్ళే.

మధ్యలో పెద్ద ఆకుపచ్చ పగడం ఒకటుంది. దాని వేళ్ళు నీళ్ళలో నెమ్మదిగా ఊగుతూ చూడ్డానికి ఎంతో మర్యాదగా ఉంటాయి. పక్కన ఇంకో పగడాన్ని పెడితే మాత్రం రాత్రికి రాత్రే చెయ్యి చాచి కుట్టి చంపేస్తుంది. దానికి అత్తగారు అని పేరు పెట్టింది సబీకాయే.

తొట్టె పెట్టడం ఎవరైనా పెడతారు. ఆర్నెల్లు మురిసిపోయి, ఏడాదికి విసుగెత్తి, రెండో ఏడు అమ్మకానికి పెడతారు. ఇరవై ఏళ్ళు నిలపాలంటే కావలసింది తెలివి కాదు, ఒకే పనిని ఒకేలా చెయ్యగల ఓపిక. ప్రతి శుక్రవారం పొద్దున పది వంతుల్లో ఒక వంతు నీళ్ళు తీసి కొత్తవి పొయ్యాలి. ఉప్పూ సున్నమూ వేడీ సరిగా ఉన్నాయో లేదో చూడాలి. ఏమీ తేడా లేకపోతే ఏమీ ముట్టుకోకూడదు. ఈ చివరిదే కష్టం. సబీకా ఎనిమిదేళ్ళప్పటి నుంచి శుక్రవారం పొద్దున తండ్రి పక్కన బకెట్టు పట్టుకుని నిలబడింది. పరీక్షలున్నా జ్వరమున్నా నిలబడింది.

ఇక లైటు. పొద్దున పదింటికి తెల్లగా వెలుగుతుంది, సాయంత్రం ఏడింటికి నీలమవుతుంది, తొమ్మిదింటికి ఆరిపోతుంది. లైటును నడిపే గడియారాన్ని ముట్టుకునే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. ఒకసారి యాకూబ్ భార్య లూల్వా, తన తమ్ముడు ఫొటోలు తీసుకుంటాడట, పది నిమిషాలు తెల్లగా ఉంచండి అంది.

"పొద్దుగుంకేటప్పుడు సూర్యుణ్ణి పది నిమిషాలు ఆగమంటావా?" అన్నాడు యాకూబ్.

లూల్వా ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. తమ్ముడు కూడా ఫొటోల కోసం రాలేదు.

ఇంత నిష్ఠగా ఉన్న తొట్టె ఆరేళ్ళ కిందట చావు తప్పించుకుంది. యాకూబ్ ఉమ్రా యాత్రకని మక్కా వెళ్ళిన వారంలో ఇంట్లో ఆడవాళ్ళ విందు జరిగింది. విందన్నాక అగరు ధూపం వెయ్యాలి. మూడు ధూపపాత్రలు ఇల్లంతా తిరిగాయి. నురగ యంత్రం గదిలో గాలి పీల్చుకుని పనిచేస్తుంది కదా, పొగ కూడా గుటకలు గుటకలుగా తాగి నీళ్ళలో కలిపింది. యాకూబ్ తిరిగొచ్చేసరికి నురగ పొంగి సామాన్ల గది గుమ్మం దాటి ఉంది. సగం పగడాలు పోయాయి. అత్తగారు వేళ్ళన్నీ లోపలికి లాక్కుని తొమ్మిది రోజులు అలిగింది. ఆ తొమ్మిది రోజులూ యాకూబ్ కూడా సరిగా తినలేదు. పదో రోజున ఇంట్లో ధూపం నిషేధించాడు.

వినడానికి చిన్న మాటే గాని, కువైట్‌లో ఇది ఇంటికి గుమ్మం లేకుండా చెయ్యడం లాంటిది. వచ్చినవాళ్ళని ఇక వెళ్ళిరండి అని ఏ ఇంటివాడూ నోటితో అనడు. కాఫీ అయ్యి, చాయ్ అయ్యి, మాటలయ్యాక ధూపపాత్ర తెస్తాడు. అతిథి తలగుడ్డ అంచుతో పొగను గడ్డానికి పట్టించుకుని, అల్లా నీ ఇల్లు చల్లగా ఉంచాలి అని లేస్తాడు. ధూపం రాకుండా లేస్తే ఇంటివాణ్ణి అవమానించినట్టు. వచ్చాక కూర్చుంటే ఇంటివాణ్ణి ఏడిపించినట్టు.

నిషేధం వచ్చిన కొత్తలో యాకూబ్ స్నేహితులు ఎప్పుడు లేవాలో తెలియక అల్లాడిపోయారు. ఒక గురువారం ఘానిమ్ రాత్రి భోజనం కూడా ఇక్కడే చేసి, భార్య చేత తిట్లు తిన్నాడు. చివరికి వాళ్ళలో వాళ్ళే ఒక దారి కనిపెట్టుకున్నారు. ఏడింటికి లైటు నీలమైతే అదే ధూపం. లైటు మారగానే అందరూ టక్కున లేచి చెప్పులు వెతుక్కునేవారు. ఆరేళ్ళుగా ఇదే నడుస్తోంది.

ఈ ఆనవాయితీ రుమైథియాలో ఆ ఒక్క ఇంటిదని యాకూబ్ మరచిపోయాడు. అక్కడే వచ్చింది చిక్కు.

సబీకాకి సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు మిషారీ, ఓడరేవులో పని. ఆడవాళ్ళు మూడుసార్లు వచ్చి వెళ్ళారు, పిల్లలిద్దరికీ నచ్చింది. ఇక మగవాళ్ళు వచ్చి తండ్రిని అడగాలి, తండ్రి ఇస్తానని చెప్పాలి. జనవరిలో ఒక గురువారం, పొద్దుగుంకాక మగ్రిబ్ నమాజు అయ్యాక అనుకున్నారు.

"ధూపం సంగతేంటండీ?" అంది లూల్వా ఆ పొద్దున.

"గులాబీ నీళ్ళు చల్లుదాం."

"వియ్యాలవారు మొదటిసారి గడప తొక్కుతుంటే గులాబీ నీళ్ళు చల్లి పంపుతారా? ఒక్కగానొక్క పిల్లండీ."

"పిల్ల ఒక్కతే. తొట్టె కూడా ఒక్కటే."

లూల్వా అతనివంక ఒక చూపు చూసి, బంగారు అంచున్న ధూపపాత్రను తుడిచి, బొగ్గులతో సహా వంటింటి గట్టు మీద పెట్టింది. వాదించలేదు. ఆమె వాదించకపోతే యాకూబ్‌కి భయం.

సాయంత్రం వాళ్ళ ఆడవాళ్ళు నేరుగా మేడ మీదికి వెళ్ళారు, దివానియాలోకి పందొమ్మిది మంది మగవాళ్ళు వచ్చారు. వాళ్ళ ముందు మిషారీ తాత మర్జూక్, ఎనభై నాలుగేళ్ళ మనిషి, కర్ర పట్టుకుని నడిచాడు. వయసులో ఉండగా చేపల పడవ నడిపినవాడు. లోపలికి రాగానే సలాము చెప్పి, పెళ్ళి మాట పక్కన పెట్టి, తొట్టె ముందు నిలబడిపోయాడు.

"నాయనా, ఇందులో ఆటెప్పుడు, పోటెప్పుడు?"

"ఆటుపోట్లు లేవండీ పెద్దాయనా."

"మరి వీటికి రోజెలా తెలుస్తుంది పాపం?"

"లైటుంది కదండీ. అదే వాటికి పొద్దూ మాపూ."

"మా ఇంట్లో టీవీలా అన్నమాట," అని ముసలాయన వెళ్ళి కూర్చున్నాడు.

అడగవలసిన మాట ఆయనే అడిగాడు. అందంగా అడిగాడు. మీ ఇంటి దీపాన్ని మా ఇంట్లో పెట్టుకుంటాం అన్నాడు. యాకూబ్ గొంతు సవరించుకుని, అమ్మాయి ఇక మీదే అన్నాడు. శుభమని ఖురాన్‌లోని ఫాతిహా చదువుకున్నారు. కాఫీ తిరిగింది, చాయ్ తిరిగింది, కుంకుమపువ్వు కేకు తిరిగింది. మిషారీ తల వంచుకుని, అడిగినప్పుడల్లా అవునండీ అంటున్నాడు. అంతా లక్షణంగా ఉంది. ఏడయింది. లైటు నీలమైంది.

యాకూబ్ వైపు పెద్దమనుషులుగా వచ్చిన ఘానిమ్, మరో నలుగురు స్నేహితులు ఆరేళ్ళ అలవాటు కొద్దీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వియ్యాలవారు పందొమ్మిది మందీ కూర్చున్నచోటి నుంచి తలలెత్తి వాళ్ళని చూశారు. పెళ్ళిమాటల మధ్యలో ఆడపిల్లవారి పెద్దలు లేవడమేమిటో వాళ్ళకి అర్థం కాలేదు. ఘానిమ్ కాసేపు నిలబడి, నడుం పట్టేసిందండీ అని, అటూ ఇటూ రెండుసార్లు వంగి కూర్చున్నాడు. మిగతా నలుగురూ కూడా నడుములు పట్టుకుని కూర్చున్నారు.

వియ్యాలవారికి నీలం లైటు మహా నచ్చింది. పగడాలు చీకట్లో నిప్పురవ్వల్లా మెరుస్తుంటే చూసి దిండ్లకి ఇంకాస్త వెనక్కి ఆనుకున్నారు.

అక్కడి నుంచి కాలం నడవడం మానేసి పాకింది. ఈ ఏటి వానల గురించి మాట్లాడారు. వానలకి ఎడారిలో పుట్టుకొచ్చే పుట్టగొడుగుల గురించి మాట్లాడారు. ఎవరి మోకాలికి ఎక్కడ ఆపరేషన్ అయిందో మాట్లాడారు. అయిపోతే మళ్ళీ వానల దగ్గరికి వచ్చారు. కాఫీ చాలని చిన్న ఫింజాన్ కప్పు ఊపి ఊపి చేతులు నొప్పెట్టాయి. మర్జూక్ మోకాలు రుద్దుకుంటున్నాడు. ఆయన లేస్తే గాని మిగతావాళ్ళు లేవకూడదు, ధూపం వస్తే గాని ఆయన లేవకూడదు.

చలికాలమని కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పాతికమంది పీల్చి వదిలే గాలి ఆ గదిలోనే తిరుగుతోంది. అది నీళ్ళలో కలిసి, తొట్టె పక్కన గోడకున్న, నీళ్ళ పీహెచ్ చూపే చిన్న డబ్బాలో అంకె మెల్లగా దిగుతోంది. ఎనిమిది పాయింట్ రెండు ఉండవలసింది, ఎనిమిదయింది. కాసేపటికి ఏడు పాయింట్ తొమ్మిది. అత్తగారు వేళ్ళు సగం లోపలికి లాక్కుంది. యాకూబ్ ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

జేబులో ఫోను నాలుగుసార్లు మోగింది. నాలుగూ లూల్వా మెసేజీలే. మొదటిది 'ధూపం?' రెండోది 'మేడ మీద ఆడవాళ్ళకి చెప్పడానికి మాటల్లేవు'. మూడోది 'వాళ్ళ పెద్దత్త మొహం మాడ్చుకుంది'. నాలుగో దాంట్లో మాటలేమీ లేవు, ధూపపాత్ర ఫొటో ఉంది.

అప్పటికి ఇవతల కూడా గుసగుసలు మొదలయ్యాయి. నోటితో అవునన్నాడు గాని ధూపం తేలేదే అని ఒకరు. ఇష్టం లేక మొహమాటానికి ఒప్పుకున్నాడేమో అని ఇంకొకరు. మిషారీ బాబాయి చివరికి ఉండబట్టలేక నోరు తెరిచాడు.

"బావగారూ, మా వల్ల మర్యాదలో ఏమైనా లోపం జరిగిందా? జరిగితే చెప్పండి. మనసులో పెట్టుకోవద్దు."

"అయ్యో, లేదండీ. కేకు తీసుకోండి."

"మూడు ముక్కలు తిన్నానండీ," అన్నాడు ఆయన. మిషారీ మొహం పాలిపోయింది.

ఘానిమ్ యాకూబ్ చెవి దగ్గరికి వంగాడు. "పిల్లని వాళ్ళకిస్తున్నావా, వాళ్ళనే ఇంట్లో పెట్టుకుంటున్నావా? ఏదో ఒకటి తేల్చరా బాబూ. ఇంకో అరగంట ఇలాగే ఉంటే సంబంధం కాస్తా చెడుతుంది."

ఒక్క నిమిషం అని యాకూబ్ లేచి, తొట్టె చూసొచ్చే వంకతో సామాన్ల గదిలోకి వెళ్ళాడు.

లోపల ఎప్పుడూ ఉండే గోల లేదు. నురగ యంత్రం ఆగిపోయి ఉంది. సబీకా పట్టు గౌను చేతులు మోచేతుల దాకా మడిచి, మెడలో బంగారం ఊగుతుండగా, మురికి పీల్చే కొత్త బొగ్గు సంచిని, నీళ్ళు వడగట్టే కింది తొట్టెలోకి దించుతోంది. యంత్రం గాలి పీల్చే గొట్టానికి తడిగుడ్డ చుట్టి ఉంది.

"ఎవరాపమన్నారు దీన్ని?"

"ఎవరూ అనలేదు నాన్నా. రెండు గంటలు ఆపితే ఏం కాదు. పొగ లోపలికి పోదు. కాస్తో కూస్తో పోయినా బొగ్గు పీల్చేస్తుంది. వాళ్ళు వెళ్ళగానే కిటికీలు తీస్తే సరి."

"అలా అని ఎవరు చెప్పారు నీకు?"

సబీకా చెయ్యి తుడుచుకుని తండ్రి మొహంలోకి చూసింది. "నువ్వే. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా. ఎదురింటివాళ్ళు గోడలకి రంగులేసినప్పుడు మనిద్దరం ఇలాగే చేశాం. అప్పుడు రంగు వాసన, ఇప్పుడు ధూపం. తేడా ఏముంది?"

యాకూబ్ గొట్టానికి చుట్టిన తడిగుడ్డను ఇంకాస్త బిగించాడు.

"ఆరేళ్ళ కిందట నువ్వు ఊళ్ళో లేవు, నాకు నూటరెండు జ్వరం, యంత్రం ఆపేవాళ్ళు లేక అలా అయింది. అది నీకూ తెలుసు. మరి ఇవాళ ఎందుకు తేవట్లేదు?"

గాజు వెనక నుంచి చూస్తే, రాళ్ళ సందుల్లోంచి దివానియా అంతా నీలంగా కనిపిస్తోంది. చారల చేపలు రెండూ మర్జూక్ గడ్డం మీదుగా ఈదుకుంటూ పోయాయి. మిషారీ తొట్టె వంకే చూస్తున్నాడు. ముడుచుకుపోతున్న ఆకుపచ్చ పగడం వంక చూసి, పక్కనున్న బాబాయి వంక చూసి, మళ్ళీ పగడం వంక చూశాడు. ఏదో తేడా జరుగుతోందని ఆ గదిలో అతనొక్కడికే పట్టినట్టుంది. అబ్బాయి మంచివాడే. యాకూబ్‌కి ఆ సంగతి నెల రోజులుగా తెలుసు, అదే అతని బాధ.

"ధూపం తెస్తే వాళ్ళు లేస్తారు," అన్నాడు.

"లేవడానికే కదా తెచ్చేది."

"వాళ్ళు లేస్తే మాట ఖాయమైపోయినట్టే. ఇక నువ్వు వెళ్ళిపోవడమే మిగులుతుంది. శుక్రవారం పొద్దున బకెట్టు పట్టుకుని నేనొక్కణ్ణే నిలబడాలి. నాకు ఇష్టం లేదు తల్లీ. సంబంధం కాదు ఇష్టం లేనిది. నువ్వు వెళ్ళడం."

అనేశాక అతనికే సిగ్గేసింది. సబీకా మడిచిన చేతులు కిందికి లాక్కుని, తండ్రి తలగుడ్డ సరిచేసింది.

"ఇరవై నిమిషాల దారి నాన్నా. ట్రాఫిక్ ఉంటే ముప్పై."

"తెలుసు."

"పాత తొట్టెలో ఏదీ ఒక్కసారిగా మార్చకూడదని నాకు చెప్పావు. నిజమే. ఏమీ మారకూడదని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు."

యాకూబ్ ముక్కు చీదుకుని, వంటింట్లోకి నడిచాడు. బొగ్గులు అప్పటికే కణకణలాడుతున్నాయి. లూల్వా వాటిని గంట నుంచి ఊదుతూ కూర్చుంది. ఆమె అగరు ముక్కల డబ్బా మూత తీసి పట్టుకుంది. అతను ఉన్నవాటిలో పెద్దదాన్ని తీసి నిప్పు మీద పెట్టాడు.

ధూపపాత్ర గుమ్మంలో కనిపించగానే గది గదంతా ఊపిరి పీల్చుకుంది. బాబాయి మొహం విప్పారింది. యాకూబ్ నేరుగా మర్జూక్ దగ్గరికి వెళ్ళి, వంగి, పొగను ఒక చేత్తో ఆయన వైపు తోశాడు. ముసలాయన గడ్డానికీ తలగుడ్డకీ చంకలకీ తృప్తిగా పట్టించుకున్నాడు.

"నాయనా, ఇవ్వనంటావేమోనని హడలిపోయాను," అన్నాడు మెల్లగా. "ఇంకో పది నిమిషాలైతే నా కాళ్ళు నన్ను వదిలేసి ఇంటికి పోయేవి."

"పిల్లని పంపడానికి చెయ్యి రాలేదండీ పెద్దాయనా. అందుకే ఆలస్యం."

మర్జూక్ అతని భుజం మీద చెయ్యి వేసుకుని లేచాడు. "నాకు నలుగురు కూతుళ్ళు. నాలుగుసార్లూ ధూపం నా తమ్ముడే తెచ్చాడు. నేను పడవలో కూర్చున్నాను."

అత్తగారు రెండు రోజులు ముడుచుకుని, మూడో రోజు పొద్దున వేళ్ళన్నీ చాపి, పక్క రాయి మీదున్న అమాయకపు పగడాన్ని ఒకదాన్ని కుట్టింది. ఆరోగ్యానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఏప్రిల్‌లో పెళ్ళయింది. ఇరవై ఏళ్ళలో ఎవరడిగినా చిటికెడు ముక్క ఇవ్వని యాకూబ్, సన్న రంపం పట్టుకుని అత్తగారిలోంచి మూడు కొమ్మలు కోసి, నీళ్ళ డబ్బాలో పెట్టి కూతురి చేతికిచ్చాడు. పెళ్ళికి వచ్చినవాళ్ళు బంగారం చూడ్డం మానేసి డబ్బా చూశారు. ఇంట్లో ఒక అత్తగారు, తొట్టెలో ఒక అత్తగారు, పిల్ల ఎలా బతుకుతుందో ఏమో అన్నాడు ఘానిమ్. నాది ఎప్పుడైనా చచ్చిపోతే నీ దగ్గర్నుంచి ముక్క తెచ్చుకుంటాను, జాగ్రత్తగా పెంచు అని మాత్రం అన్నాడు యాకూబ్. శుక్రవారాలు అతను ఒక్కడే బకెట్టు మోశాడు. మొదటి నాలుగు వారాలూ లూల్వా పక్కన నిలబడబోయి, అన్నిటికీ అతని చేత తప్పులు పట్టించుకుని, ఐదో వారం మానేసింది.

అక్టోబరులో ఒక సాయంత్రం అతను సబీకా ఇంటికి వెళ్ళాడు. సాల్మియాలో మూడో అంతస్తు. మిషారీ ఇంకా పని నుంచి రాలేదు. హాల్లో బల్ల మీద చిన్న తొట్టె, అందులో నాలుగు చేపలు, మధ్యలో అత్తగారి పిల్ల. మూడు కొమ్మలూ ఐదయ్యాయి. యాకూబ్ చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, నిలబడి, పక్కకు జరిగి, తప్పు వెతికాడు. దొరకలేదు. చాయ్ తాగుతూ అదీ ఇదీ మాట్లాడాడు. మాట్లాడవలసింది ఇంకా చాలా ఉందనిపించింది గాని, ఇంతలో ఏడయింది. తొట్టెలో లైటు నీలమైంది.

యాకూబ్ గ్లాసు కింద పెట్టాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, చెప్పుల కోసం గుమ్మం వైపు చూశాడు.

"సరే తల్లీ, వస్తాను మరి."

సబీకా అతనివంక చూసింది. బల్ల వెనక్కి చెయ్యి పోనిచ్చి, గడియారం ముల్లు తిప్పింది. లైటు మళ్ళీ తెల్లగా వెలిగింది. పడుకోబోతున్న చేపలు బిత్తరపోయి బయటికొచ్చాయి.

అలా చెయ్యకూడదనీ, పగడానికి మంచిది కాదనీ, ఇరవై ఏళ్ళలో తానెప్పుడూ చెయ్యలేదనీ చెప్పడానికి యాకూబ్ నోరు తెరిచాడు.

"చాయ్ ఇంకొంచెం ఉందా?" అని కూర్చున్నాడు.